తాలు కాయకు తాళం వస్తుందా?

మా వైపు మిరపకాయ కల్లంలో ఎండాక ఆడకూలీలు చుట్టూ కూర్చుని ఏరతారు. నిగనిగలాడే ఎర్రకాయ ఒక పక్కకి, రంగుపోయి తెల్లబారింది ఇంకో పక్కకి. ఆ తెల్లబారినదే తాలు. కబుర్లు చెప్పుకుంటూ, కాయ వంక సరిగా చూడకుండానే ఏరేస్తుంటారు. యాభై రెండేళ్ల వయసులో, గుంటూరులో ఒక పురుగుమందుల కొట్టు మేడమీద నడిచే డాన్స్ ఫిట్‌నెస్ క్లాసుకి వెళ్లిన మొదటి రోజు, పాట మొదలైన పది నిమిషాలకే నేను తాలులో పడ్డాను. ఎవరూ ఏరలేదు, నా చప్పట్లే నన్ను ఏరేశాయి. అందరి చప్పుడూ ఒక్కటిగా మోగాక, కాస్త ఆగి ఒంటరిగా ఇంకో చప్పుడు వినపడేది. అది నాది.

షుగరు గీత దాటుతోందని డాక్టరు రోజూ నడవమన్నాడు. నడక నాకు విసుగు. పక్కింటావిడ ఈ క్లాసు సంగతి చెబితే చేరాను. ఇరవై మందికి పైగా ఉన్నాం, అందులో మగవాళ్లం ముగ్గురం. మార్చి నెల. కింద రోడ్డు మీద మిర్చి టిక్కీల (బస్తాల) లారీ పోయినప్పుడల్లా కిటికీలోంచి ఘాటు వచ్చి గదిలో సగం మంది తుమ్మేవాళ్లం. నేర్పే కుర్రాడు చిలకలూరిపేట వైపు పత్తి రైతు కొడుకు. పాతికేళ్లుంటాయి. నన్ను సార్ అంటాడు గానీ పాట మొదలైతే సారూ లేదు గీరూ లేదు.

ఈ తరహా క్లాసులకి దారి వేసినవాడు కొలంబియాలోని కాలీ నగరానికి చెందిన ఆల్బెర్టో పెరెజ్. 1990లలో ఒకరోజు ఏరోబిక్స్ క్యాసెట్టు ఇంట్లో మర్చిపోయి వచ్చి, సంచిలో ఉన్న సల్సా, మెరెంగే పాటలు పెట్టి క్లాసు గట్టెక్కించాడని చెబుతారు. అదే తర్వాత జుంబా అయింది. 2001లో అమెరికాలో కంపెనీ కూడా అయింది. మెరెంగే అన్న మాట గుర్తుంచుకోండి, దానితో కాసేపట్లో పనుంది.

సిగ్గు కొద్దీ నేను చివరి వరుసలో గోడ వారన నిలబడ్డాను. మూడో పాటలో కుర్రాడు "టర్న్" అని కేక వేశాడు. అందరూ వెనక్కి తిరిగారు. అంతే, చివరి వరుస మొదటి వరుస అయిపోయింది. నా ముందు గోడ, గోడ మీద ఫ్యాను స్విచ్చులు, నా వెనక ఇరవై మంది. చూసి చెయ్యడానికి మనిషి లేక, ఎనిమిది లెక్కల పాటు నేను ఆ స్విచ్చుల వంక చూస్తూ నిలబడిపోయాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మీకు తాళజ్ఞానం లేదండీ. పెళ్లిలో డోలు వాయిస్తుంటే మీరు తల ఊపినప్పుడే చూశాను" అంది. ముప్పై ఏళ్ల కిందటి సాక్ష్యం. దాన్ని కొట్టిపారేసే ధైర్యం లేక, నాకు చేతనైన పని చేశాను. అసలు తాళజ్ఞానం లేని మనిషంటూ ఉంటాడా అని చదవడం మొదలుపెట్టాను.

2009లో హంగరీ, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. పుట్టి రెండు మూడు రోజులైన పసివాళ్లు నిద్రపోతుండగా తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, డ్రమ్ము వరస ఒకటి వినిపించారు. మధ్యలో అప్పుడప్పుడు ఒక దెబ్బ తీసేశారు. ఏదో ఒక చిన్న దెబ్బ తీసేస్తే పసివాళ్ల మెదడు పెద్దగా పట్టించుకోలేదు. వరసకి ఎత్తుగడగా పడే మొదటి దెబ్బ తీసేస్తే మాత్రం, రావలసింది రాలేదన్నట్టు మెదడు తరంగాలు ఉలిక్కిపడ్డాయి. అంటే ఉయ్యాలలో వేసి ఇంకా పేరైనా పెట్టని బిడ్డకి, తర్వాతి దెబ్బ ఎప్పుడు పడాలో ఒక అంచనా ఉంది. అదే అంచనా నాకూ ఉండి తీరాలి కదా, పుట్టినప్పుడైనా.

మరి అది లేనివాళ్లు? ఉన్నారు, చాలా అరుదుగా. కెనడాలోని మాంట్రియల్‌లో పరిశోధకులు, పాటకి తగ్గట్టు చప్పట్లు కొట్టలేమనీ డాన్సు చెయ్యలేమనీ అనుకునేవాళ్లను పిలిచి పరీక్షించారు. మెరెంగే పాట పెట్టి, మోకాళ్లు వంచుతూ దానికి తగ్గట్టు ఊగమన్నారు. వచ్చినవాళ్లలో నిజంగా తాళం అందనివాడని స్పష్టంగా తేలింది ఒక్కడే, 23 ఏళ్ల యువకుడు. అతనికి పాటలంటే ఇష్టం, శ్రుతి తప్పకుండా పాడతాడు కూడా. టిక్ టిక్ మనే మెట్రోనోమ్‌తో కలిసి ఊగగలడు. పాటలోంచి ఆ టిక్కుని ఏరుకోవడమే అతనికి రాదు. వేరేవాళ్లు డాన్సు చేస్తుంటే వాళ్లు తాళంలో ఉన్నారో తప్పారో కూడా చెప్పలేకపోయాడు. 2011లో అచ్చయిన ఆ పరిశోధన దీన్ని పుట్టుకతో వచ్చే ఒక తరహా చెవిటితనంగా, తాళానికి మాత్రమే పరిమితమైనదిగా వర్ణించింది. నాకు అందులో ఊరటనిచ్చింది మాత్రం మిగతావాళ్ల సంగతి. తమకి తాళం రాదని నమ్మి వచ్చినవాళ్లే, పరీక్షలో అతనిలా తేలలేదు.

2022లో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. ఆరు లక్షల మందికి పైగా మనుషులను, పాటకి తగ్గట్టు చప్పట్లు కొట్టగలరా అని అడిగి, వాళ్ల జన్యువులతో పోల్చి చూశారు. నూటికి తొంభై మందికి పైగా కొట్టగలమన్నారు. జన్యుపటంలో 69 చోట్ల ఈ సామర్థ్యంతో సంబంధం కనిపించింది. ఒక్కో చోటి ప్రభావం మాత్రం గోరంత. కాబట్టి తాళజ్ఞానపు జన్యువు ఒకటుందనీ, అది మా నాన్న వైపు నుంచి నాకు రాలేదనీ చెప్పుకునే వీలు లేదు.

ఒక సాయంత్రం తలుపేసుకుని ఫోనులో మెట్రోనోమ్ పెట్టాను. నిమిషానికి 120 దెబ్బలు, అంటే అర సెకనుకి ఒకటి. దానితో పాటు బల్ల మీద వేలితో కొట్టాను. బాగానే వచ్చింది. పాత సినిమా పాట పెట్టి కొట్టినా వచ్చింది. ఇక్కడో విచిత్రం ఉంది. తాళం వేసేటప్పుడు మామూలు మనుషుల వేలు దెబ్బ పడ్డాక కదలదు, దెబ్బకంటే కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే బల్లని తాకుతుంది. ఎన్నో ప్రయోగాల్లో ఇదే తీరు చూశారు. చెవి దెబ్బ కోసం కాచుకు కూర్చోదు, ఎప్పుడు వస్తుందో ముందే లెక్కగట్టి చేతికి చెబుతుంది. తాళం వేయడమంటే విని స్పందించడం కాదు, ఎదురెళ్లడం.

మరి క్లాసులో నా చప్పట్లు ఎందుకు వెనకబడ్డాయి? లెక్క వేస్తే తేలిపోయింది. చప్పుడు వినగానే వేలు కదపడానికే సెకనులో ఆరో వంతు, ఏడో వంతు పడుతుంది. చూసి, ఏ కాలు, ఏ వైపు అని తేల్చుకుని కదపాలంటే ఇంకా ఎక్కువ, సెకనులో మూడో వంతు నుంచి అర దాకా. క్లాసులో పాట నిమిషానికి 140 దెబ్బల మీద నడుస్తుంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్నది 0.43 సెకను. అంటే కుర్రాడి కాలు చూసి నేను నా కాలు వేసేసరికి అతను రెండో అడుగులో ఉంటాడు. ఇది నా ఒక్కడి లోపం కాదు, ఎంత చురుకైనవాడైనా కంటితో కాపీ కొడితే ఒక అడుగు వెనకే ఉంటాడు. దీనికి తోడు అతను మా వైపు తిరిగి నేర్పుతాడు, అతని కుడి నా ఎడమ. ఆ తిరగేయడానికి ఇంకొంత సమయం. నేను తాళం వినడం లేదు, మనిషిని చూస్తున్నాను. తప్పు చెవిది కాదు, కంటిది.

సంక్రాంతికి గంగిరెద్దు వస్తుంది. సన్నాయి ఊదితే తల ఊపుతుంది, మోకాళ్లు వంచుతుంది. పాట విని ఊపుతోందనుకుంటాం. నిజానికి అది ఆడించేవాడి సైగకీ మాటకీ అలవాటుపడిన ఎద్దు. పాటకి తాళం అందుకున్న జంతువు అని శాస్త్రవేత్తలు మొదట ఒప్పుకున్నది ఎద్దునీ కోతినీ కాదు, స్నోబాల్ అనే కాకటూ చిలకని. పాట వేగం పెంచితే దాని ఊపు వేగం పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. 2009లో ఆ పరిశోధన అచ్చయింది. చిలక మన మాట అనుకరిస్తుంది. గొంతుతో అనుకరించగల జీవులకే చెవికీ కదలికకీ మధ్య గట్టి దారి ఉంటుందని అనిరుద్ధ పటేల్ అనే శాస్త్రవేత్త అంతకుముందే ఊహించాడు. 2013లో కాలిఫోర్నియాలో రోనన్ అనే సీ లయన్ తల ఊపడం నేర్చుకుని ఆ ఊహకి కొంత అడ్డు తగిలింది, ఎందుకంటే అది గొంతుతో అనుకరించే జంతువు కాదు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నేను మాత్రం ఆ మొదటి నెలంతా చిలకని కాదు, గంగిరెద్దునే.

దీనికి మందు నాకు క్లాసులో దొరకలేదు, అద్దంకి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో దొరికింది. ఇప్పుడు గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆడవాళ్ల కోలాటం బృందాలు లేని ఊరు తక్కువ. ఒకే రంగు చీరలు కట్టుకుని తిరునాళ్లకీ ఊరేగింపులకీ పోతారు. ఆ ఊళ్లో రామాలయం ముందు రాత్రి ఎనిమిదింటికి, పత్తి తీసి, మిరప కోసి వచ్చినవాళ్లు అన్నాలు తిని చేరతారు. నేర్పే పెద్దాయనకి డెబ్బై దాటాయి. మెడలో ఈల.

కొత్తగా చేరిన పిల్లకి ఆయన ముందు కర్రలివ్వలేదు. కూర్చోబెట్టి పాట పాడించాడు, తొడ మీద తాళం వేయించాడు. మరుసటి రోజు లేచి నిలబడి అక్కడికక్కడే అడుగులు. నోట్లో పాట మాత్రం ఆగకూడదు. కర్రలు మూడో రోజు. కోలాటంలో ఒక్కో అడుగుల వరసని కోపు అంటారు. కోపు మారేటప్పుడు ఈల వేస్తాడు, పాట చెప్పే అమ్మాయి గొంతు పెంచుతుంది. ఎదురుగా ఉన్న ఉద్దికత్తె కర్రకి మన కర్ర తగలాలి, తప్పితే వేళ్లు పగులుతాయి.

నా గోడు విని ఆయన నవ్వాడు. "ఎదుటోడి కాలు చూస్తే ఎదుటోడి ఆటే ఆడతావు అబ్బాయ్. ముందు నోటితో ఆడు, కాలు అదే వస్తది" అన్నాడు.

"ఎట్టా వస్తది బాబాయ్?"

"అట్టాగే వస్తది."

వివరణ ఆయన ఇవ్వలేదు. ఇచ్చింది మెదడు స్కాన్లు. 2007లో కేంబ్రిడ్జ్‌లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనే పరిశోధకులు మనుషులను స్కానర్‌లో కదలకుండా పడుకోబెట్టి లయలు వినిపించారు. స్పష్టమైన తాళం ఉన్న లయ వినగానే, వినికిడి ప్రాంతాలతో పాటు కదలికల ప్రాంతాలు కూడా పనిలోకి దిగాయి. వాటిలో ముఖ్యమైనది మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా. పార్కిన్సన్ జబ్బులో దెబ్బతినేది ఆ వ్యవస్థే. ఆ జబ్బున్నవాళ్లలో కొందరు అడుగు పడక నిలిచిపోతారు. పక్కన తాళం వినిపిస్తే చాలాసార్లు అదే మనిషి అడుగులు సాగుతాయి. 1990ల నుంచే దీన్ని వైద్యంగా వాడుతున్నారు. తాళం బయటినుంచి లోపలికి వచ్చేసరికే అది సగం కదలిక అయి ఉంటుందన్నమాట. నోటితో పలికితే, మన కదలికే మన తాళం అవుతుంది. కన్ను మధ్యలో దూరే అవసరమే లేదు.

కోలాటం లాంటి ఆట ఈ నేలకి కొత్తది కాదు. గుంటూరు పక్కనే చేబ్రోలులో శాసనాలు వేయించిన జాయప సేనాని, 13వ శతాబ్దం మధ్యలో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. అందులో దేశి నృత్యాల మధ్య కర్రలతో ఆడే దండరాసకం కూడా ఉంది. ఆయన ఉద్యోగం కాకతీయ గణపతిదేవుడి దగ్గర ఏనుగుల దళానికి అధిపతి. ఏనుగులను నడిపినవాడు డాన్సు మీద అంత పుస్తకం రాయగా లేనిది, జీవితమంతా చాక్‌పీసు పట్టిన నేను నాలుగు అడుగులు వేయలేనా అని ఆ రాత్రి బస్సులో అనుకున్నాను.

క్లాసుకి తిరిగొచ్చాక పెదవుల కింద తకధిమి అనుకోవడం మొదలుపెట్టాను. వార్మప్ నుంచి నాలుగో పాట దాకా పని జరిగింది. చివర్లో నాటు నాటు పెట్టారు, మళ్లీ మునిగాను. 2023 మార్చిలో ఆస్కార్ తెచ్చుకున్న ఆ పాట నాలుగు లెక్కల మీద నడవదు. కీరవాణి దాన్ని ఆరు ఎనిమిదిల తాళంలో కట్టారు. ఆరు చిన్న దెబ్బలు, మూడు మూడుగా రెండు గుత్తులు. కాలు రెండుసార్లే నేలని కొట్టాలి, మధ్యలోవి ఊపుకి. నేను నాలుగు లెక్కపెడుతుంటే పాట నన్ను ఈడ్చుకెళ్లింది. తకిట తకిట అనుకోగానే సర్దుకుంది. ఊరేగింపుల్లో తీన్‌మార్ డప్పుకి ఎగిరే కుర్రాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు, చెప్పక్కర్లేదు.

ఎవరికి ఏ తాళం తేలికన్నది కొంతవరకు విన్నదాన్ని బట్టే. 2005లో ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ అనే పరిశోధకులు, బాల్కన్ దేశాల ఏడు మాత్రల లయల్లో ఎక్కడ తప్పు వచ్చిందో ఉత్తర అమెరికా పెద్దవాళ్లు పట్టలేకపోతున్నారని చూశారు. అదే ఉత్తర అమెరికా ఆరు నెలల పసివాళ్లు పట్టేశారు. ఏడాది వచ్చేసరికి వాళ్లలోనూ ఆ పదును తగ్గింది. కాకపోతే రెండు వారాలు ఇంట్లో ఆ పాటలు వినిపిస్తే తిరిగి వచ్చింది. పెద్దవాళ్లకి అంత తేలిగ్గా రాలేదు. మనకి ఏడు కొత్త కాదు. తకిట తకధిమి అన్నా, గురజాడ ముత్యాల సరాల నడక అన్నా మూడూ నాలుగే. చిన్నప్పుడు బళ్లో అది వల్లించినవాడు, మిశ్రగతి అన్న పేరు తెలియకుండానే దాన్ని లోపల దాచుకుని ఉంటాడు.

చేతులూ కాళ్లూ కలపడం మాత్రం వేరే గొడవ. ఇప్పుడే చేసి చూడండి. రెండు చూపుడు వేళ్లు ముందుకి చాపి, ఒకటి కుడికి వంగినప్పుడు రెండోదీ కుడికే వంగేట్టు, కారు అద్దం మీద వైపర్లలా ఆడించండి. మెల్లగా వేగం పెంచండి. ఒక దశలో మీ ప్రమేయం లేకుండానే రెండు వేళ్లూ అద్దంలో బొమ్మల్లా ఒకేసారి లోపలికి, ఒకేసారి బయటికి ఊగడం మొదలుపెడతాయి. ఎంత ఆపినా ఆగదు. 1980లలో స్కాట్ కెల్సో ఈ ప్రయోగం చేశాడు. హాకెన్, బున్జ్‌లతో కలిసి 1985లో దానికి గణిత సమీకరణం కట్టాడు. నరాల వ్యవస్థకి అన్నీ కలిసి ఒకేలా కదలడం తేలిక, విడివిడిగా కదలడం కష్టం, వేగం పెరిగితే కష్టమైనది కూలి తేలికైనదిగా మారిపోతుంది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూస్తూ కాళ్లు ఊపినా ఇదే జరుగుతుందని 1990లో తేలింది.

మా ఇంట్లో కారం దంచడం నాకు గుర్తుంది. ఒక రోలు, రెండు రోకళ్లు, ఎదురెదురుగా మా అమ్మ, మా పెద్దమ్మ. ఒకరిది లేచినప్పుడు ఒకరిది దిగాలి. కెల్సో లెక్క ప్రకారం, వేగం పెరిగితే రెండూ ఒకేసారి దిగాలని చూస్తాయి, అంటే రోకళ్లు గుద్దుకుంటాయి. అందుకే వాళ్లు తొందరపడేవాళ్లు కాదు. పోటు పోటుకీ హుమ్మని ఊపిరి వదులుతూ, ముక్కుకి కొంగు చుట్టుకుని, ఒకే వేగంలో గంటసేపు. కారం ఘాటుకి తుమ్మొస్తే ఒకరు "ఆగక్కా" అనేవాళ్లు, ఇద్దరూ ఆగి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాళ్లు. తుమ్మినదాని మీద కొనసాగించే సాహసం ఎవరూ చేయరు. క్లాసులో తప్పినప్పుడు మధ్యలో దూరకుండా, ఎనిమిది పూర్తయి మళ్లీ ఒకటి వచ్చేదాకా కాళ్లు అక్కడికక్కడే ఆడించడం నేను వాళ్ల దగ్గర్నుంచే తీసుకున్నాను.

చెయ్యీ కాలూ నోరూ మూడూ మూడు పనుల్లో పెట్టి నడిపిన మనిషిని చూడాలంటే మా జిల్లావాళ్లకి దూరం పోనక్కర్లేదు. బుర్రకథ నాజర్‌ది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1920లో పుట్టాడు, 1997లో పోయాడు, 1986లో పద్మశ్రీ వచ్చింది. భుజాన తంబురా మీటుతూ, వేళ్లకి తొడిగిన అందెలు మోగిస్తూ, కాళ్ల గజ్జెలతో ముందుకీ వెనక్కీ అడుగు వేస్తూ, నోటితో కథ. వెనక ఇద్దరు వంతలు గుమ్మెటలతో. ఆయన ఆత్మకథ పేరు పింజారి, అంటే దూది ఏకేవాడు. పూర్వం పరుపులు కుట్టేవాళ్లు వీధిలోకి వస్తే, పెద్ద విల్లు నారిని కొయ్య గూటంతో కొడుతుంటే టంగ్ టంగ్ మని మోగేది, దూది పొగలా లేచేది. ఏ దెబ్బా ముందుకీ వెనక్కీ జరిగేది కాదు. పత్తి నేలలో తాళం నేర్పే వాద్యం అదేనేమో అని నాకో అనుమానం. దీనికి రుజువు ఏమీ లేదు, నా ముచ్చట.

ఇంకొక్క ప్రయోగం చెప్పి ఊరుకుంటాను. 2012లో ఇంగ్లండులో పరిశోధకులు, సైకిల్ తొక్కేవాళ్లు సంగీతానికి తగ్గట్టు కాలు కలిపి తొక్కితే అదే పనికి సుమారు 7 శాతం తక్కువ ఆక్సిజన్ ఖర్చవుతుందని చూశారు. తాళం కుదిరితే ఒంటికి శ్రమ తగ్గుతుందన్నమాట. షుగరు తగ్గించుకోడానికి వెళ్లినవాడికి తాళం తప్పితేనే లాభమని నేను మా ఆవిడతో వాదించాను. ఆవిడ సమాధానం చెప్పలేదు.

క్లాసులో చేరి నాలుగు నెలలైంది. మిర్చి యార్డులో కాయ సీజను అయిపోయింది, తుమ్ములు తగ్గాయి. ఇప్పటికీ చేతులు అప్పుడప్పుడు వదిలేస్తాను, కాళ్లు మాత్రం దొరికాయి. ఒంటరి చప్పుడు వినపడి పది రోజులు పైనే అయింది. మీరూ ఇలాంటి క్లాసులో చేరాలనుకుంటే, ముందు రోజు ఇంట్లో క్లాసు పాటకి రెండుసార్లు నోటితో తాళం వేసుకుని వెళ్లండి. మొదటి వారం చేతులు నడుము మీద పెట్టుకుని కాళ్లే ఆడించండి. చివరి వరుసలో మాత్రం నిలబడకండి, మూడో పాటలో అందరూ వెనక్కి తిరుగుతారు. మధ్య వరుస మంచిది. ఫ్యాను కూడా అక్కడే ఉంటుంది.